బొంత వెనక పేరు

మన ఇళ్లల్లో చీరకి నాలుగు ఆశ్రమాలు. ముందు చీర. మెత్తబడ్డాక పసిపిల్లల ఉయ్యాల. ఆ తర్వాత బొంత. ఆఖరికి మసిగుడ్డ. మూడో ఆశ్రమానికి పెద్ద మర్యాదేం ఉండదు. చుట్టాలొస్తున్నారంటే బొంత అటకెక్కుతుంది, కొత్త దుప్పటి దిగుతుంది. అలాంటి బొంతల్ని తెరల మీద వేలాడదీసి టిక్కెట్టు పెడతారని, వాటిని చూడ్డానికి దేశదేశాల నుంచి ఆడవాళ్లు వస్తారని చెల్లి చెబితే నవ్వాను.

చెల్లి ఉండేది అమెరికాలో, హ్యూస్టన్‌లో. అక్కడి జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో ఏటా ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్ జరుగుతుంది. ఈసారి నేను తన దగ్గర ఉండగా వచ్చింది. లోపలికి వెళ్తే తిరనాళ్లే! నా వయసు వాళ్లు, అమ్మ వయసు వాళ్లు, చక్రాల కుర్చీల్లో వచ్చిన బామ్మలు. వెనకాల సంచులు మోస్తూ వాళ్ల మొగుళ్లు. ఆ దృశ్యం చూసి సగం అలసట తీరిపోయింది.

క్విల్టంటే మూడు పొరలు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో పల్చటి దూది పరుపు, కింద అస్తరు. మూడింటినీ కలిపి కుట్టే కుట్టే అసలు పని. చేత్తో బాగా కుట్టేవాళ్లు అంగుళానికి పది కుట్లు పైనే వేస్తారట. మన బొంత కుట్టు కూడా అదే కదా, కాకపోతే మనం లెక్కపెట్టుకోలేదు.

అక్కడ క్విల్టుల్ని ముట్టుకోనివ్వరు. తెల్ల గ్లవ్స్ వేసుకున్న వాలంటీర్లు తిరుగుతుంటారు. అడిగితే వాళ్లే అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూపిస్తారు. చెల్లి అడిగింది. ఒక పెద్దావిడ నెమ్మదిగా తిప్పింది. వెనక మూలన చిన్న తెల్లగుడ్డ ముక్క. దాని మీద కుట్టినామె పేరు, ఊరు, సంవత్సరం, ఎవరి కోసం కుట్టిందో ఆ మనవరాలి పేరు.

నేను అక్కడే ఆగిపోయాను. మా అమ్మ ఎన్ని బొంతలు కుట్టిందో! వేసవి మధ్యాహ్నాలు వరండాలో చీరలు పరుచుకుని, పెద్ద సూదితో నాలుగు పక్కల నుంచీ లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. నా పిల్లలిద్దరూ వాటి మీదే బోర్లా పడ్డారు. ఒక్కదాని మీదా అమ్మ పేరు లేదు.

అమ్మ పోయి ఏడాదిన్నర. నేతచీరలు మేమిద్దరం పంచుకున్నాం. చెల్లి తెచ్చుకున్న రెండూ ఇంకా సూట్‌కేసులోనే ఉన్నాయి, మడత విప్పకుండా. అవి బొంత కుట్టాలన్న ఆలోచన నాకు ఆ తెల్లగుడ్డ ముక్క చూశాకే వచ్చింది.

ఫెస్టివల్లో సగం చోటు అంగళ్లదే. జపాన్ నీలిమందు గుడ్డలు, ఆఫ్రికా అద్దకాలు, ఇంకా పేర్లు తెలియనివెన్నో. ఒక కొట్టులో మన అచ్చు అద్దకాల గుడ్డలు కూడా కనిపించాయి. చేయి అటే పోయింది.

"అక్కా, పెడన వెళ్లి కొనుక్కోవాల్సింది ఇక్కడ డాలర్లు పోసి కొంటావా?" అంది చెల్లి.

నిజమే. కానీ ఈ గుడ్డల ప్రయాణం కొత్తదేం కాదు. మచిలీపట్నం రేవు నుంచి డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఓడలకెత్తిన అద్దకాలని ఐరోపాలో చింట్జ్ అనేవారు. ఉతికినా పోని ఆ రంగుల మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసింది. ఆ ఖరీదైన గుడ్డలోంచి పూలూ పిట్టలూ కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టడం క్విల్టుల్లో ఒక పాత పద్ధతి. దాన్ని బ్రోడరీ పెర్స్ అంటారు, అంటే పర్షియా కుట్టుపని. గుడ్డ మన దేశానిది, పేరు పర్షియాది. అక్కడా పేరు మనది కాదు!

చివరికి జపాన్ నీలం ముక్కలు ఆరు కొన్నాను. ఫ్యాట్ క్వార్టర్ అంటారు, ఒక్కోటి 18 అంగుళాలు, 22 అంగుళాలు. జాకెట్టుకి కూడా రాని ముక్కకి అంత ధరా అని మనసులో రూపాయల్లోకి మార్చుకుంటూనే ఉన్నాను. అయినా అమ్మ ముదురు పసుపు చీర పక్కన ఆ నీలం ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది.

ఆ రాత్రి చెల్లితో అన్నాను. దాని మొహం మారిపోయింది. "అమ్మ చీర మీద కత్తెర పెట్టొద్దక్కా. ఇంకా అమ్మ వాసనొస్తోంది" అంది. దాన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు నేను చదివిన ఒక సంగతి చెప్పాను. అలబామాలో గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి ఆడవాళ్లు పాత పనిబట్టలతో క్విల్టులు కుట్టుకునేవారు. వాళ్లలో మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడ భర్త చనిపోతే, 1942లో ఆయన పనిబట్టలన్నీ కోసి క్విల్టు కుట్టింది. ఆయన గుర్తుగా కప్పుకోడానికి. 2002లో ఆ ఊరి క్విల్టుల ప్రదర్శన మొదలైంది ఈ హ్యూస్టన్ మ్యూజియంలోనే. చెల్లి ఏం మాట్లాడలేదు. కాసేపటికి, "అమ్మ కూడా అమ్మమ్మ చీరలు బొంత కుట్టింది కదూ" అంది.

కుట్టింది. అప్పుడు అమ్మ ఏడ్చిందో లేదో మేం చూడలేదు. మేం చూసింది సూదినే.

మర్నాడు ఇద్దరం కలిసి చీరలు విప్పాం. ఒకటి చెల్లి దగ్గరే, మడతలోనే ఉంటుంది. రెండోదాని పమిట కూడా దానికే. మిగతాది నా సూట్‌కేసులో విజయవాడ వచ్చింది. నీలం ముక్కల్ని విడిగా నానబెట్టి, నీళ్లలోకి రంగు దిగడం ఆగేదాకా ఉతికాను. మీరూ కొత్త గుడ్డని పాతదానితో కలిపేటప్పుడు ఈ పని ముందు చేసుకోండి, లేకపోతే మొదటి ఉతుకులోనే నీలమంతా పసుపు మీదికి ఎక్కుతుంది.

సగం అయింది. నా కుట్టు అంగుళానికి ఆరు దాటడం లేదు. వెనక వేసే ముక్క మాత్రం ముందే సిద్ధం చేశాను. దాని మీద ఏం రాయాలో ఫోనులో చెల్లే చెప్పింది. మొదట అమ్మ పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా. దాని కింద, "చీర అమ్మది, కుట్టు కూతురిది." తన పేరు వద్దంది. నేను వినలేదు. "కూతుళ్లది" అని మార్చి కుట్టాను.