అండమాన్ దారిలో టికెట్టు, తేదీ, పడవ

అండమాన్ నికోబార్ దీవులకు రైలు లేదు, బస్సు లేదు. బంగాళాఖాతం దాటాలంటే విమానమో ఓడో ఎక్కాల్సిందే. సముద్రం మీద కోల్‌కతా నుంచి 1,255 కిలోమీటర్లు, విశాఖపట్నం నుంచి 1,200, చెన్నై నుంచి 1,190. ఎక్కణ్ణించి బయల్దేరినా దిగేది పోర్ట్ బ్లెయిర్‌లోనే. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. విమానం వెతికేటప్పుడు మాత్రం ఐఎక్స్‌జెడ్ అన్న కోడే పనికొస్తుంది.

తక్కువ ధరకు టికెట్ దొరకడం తేదీతో మొదలవుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం తేటగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే నెల సగం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు, వాటి వెంట తుపానుల భయం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, సంక్రాంతి సెలవుల్లో, వేసవి సెలవుల్లో చార్జీలు మండిపోతాయి. దసరా సెలవులను తెలుగువాళ్లు లెక్కలోకి తీసుకోరు గానీ, దుర్గాపూజకు బెంగాలీ కుటుంబాలు పెద్దఎత్తున ఇటే వస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సొంతూరి సెలవు ప్రయాణ రాయితీ (ఎల్‌టీసీ)ని అండమాన్‌కు వాడుకునే సడలింపును ఏళ్లుగా పొడిగిస్తూ వచ్చారు. ఆ గిరాకీ కూడా సెలవు రోజుల మీదే పడుతుంది. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారాల దాకా, వారం మధ్యలో బయల్దేరగలిగినవాళ్లకు ధరా వాతావరణమూ రెండూ కలిసొస్తాయి.

విమానంలో ఒకే రకం సీట్లను కంపెనీలు పలు ధరల మెట్లుగా విడగొట్టి అమ్ముతాయి. కింది మెట్టు అయిపోగానే పై మెట్టు తెరుచుకుంటుంది. కింది మెట్టులో రెండే సీట్లు మిగిలాయనుకోండి, నలుగురికి కలిపి వెతికితే సాధారణంగా నలుగురికీ పై ధరే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతికి చూసి, తేడా ఉంటే విడివిడిగా కొనుక్కోవడం మేలు. కొనేముందు సామాను పరిమితి, రద్దు రుసుము కూడా కలిపి లెక్క వేసుకోవాలి. డబ్బు తిరిగిరాని టికెట్‌ను రద్దు చేసుకున్నా, అందులో కలిసివున్న విమానాశ్రయ రుసుములను వెనక్కివ్వాలన్నది నిబంధన. చాలామంది ఆ సొమ్మును అడగకుండానే వదిలేస్తారు.

హైదరాబాదు నుంచి నేరుగా వెళ్లే విమానంలో ప్రయాణం సుమారు రెండున్నర గంటలు. చెన్నై నుంచి అంతకన్నా కొద్దిగా తక్కువ, సర్వీసులు ఎక్కువ. విజయవాడ, తిరుపతి వైపు వాళ్లు రాత్రి రైల్లో చెన్నై చేరి పొద్దున్నే విమానం ఎక్కితే తరచూ డబ్బు మిగులుతుంది. రైలుకీ విమానానికీ మధ్య నాలుగైదు గంటల వ్యవధి ఉంచుకోవాలి. రెండు విమానాలను వేర్వేరు టికెట్ల మీద కొన్నప్పుడైతే ఈ జాగ్రత్త ఇంకా అవసరం. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఆ నష్టం ప్రయాణికుడిదే. రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే ఆ బాధ్యత విమాన సంస్థ మీద ఉంటుంది.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. దాదాపు నెలకొకసారి బయల్దేరి రెండున్నర రోజుల్లో చేరుస్తుంది. బంక్ క్లాసు అన్నిటికన్నా చవక. వారం రోజుల సెలవు పెట్టి వెళ్లేవాళ్లకు ఇది కుదరదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బతుకుతెరువు కోసం వెళ్లిన వేలాది కుటుంబాలు మాత్రం ఈ ఓడ దారినే దీవుల్లో స్థిరపడ్డాయి. 2011 జనాభా లెక్కల్లో అక్కడి 3.80 లక్షల మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, చేపల జెట్టీ దగ్గర ఈ రచయిత హిందీలో వంజరం ధర అడిగితే, ముక్కలు కోస్తున్న ఆవిడ కత్తి ఆపకుండానే "యే ఊర్నుంచొచ్చినారు బాబూ?" అంది. బేరం అక్కడితో ఆగిపోయి ఊళ్ల పేర్ల మీదికి మళ్లింది. దారి తెలియనప్పుడు, ఆటో కావాలన్నప్పుడు అక్కడ ముందు తెలుగులో అడిగి చూడటం నిజంగా ఉపయోగం.

పోర్ట్ బ్లెయిర్ రన్‌వే ఒక్కటే, అది నౌకాదళంతో ఉమ్మడి. విమానాలు ఎక్కువగా ఉదయం నుంచి మధ్యాహ్నం లోపే నడుస్తాయి. ఈ దీవులు హైదరాబాదుకు పద్నాలుగు డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం ఒక్కటే, అందుకే సూర్యుడు దాదాపు గంట ముందు ఉదయిస్తాడు, గంట ముందే కుంకుతాడు. జనవరిలో సాయంత్రం ఐదు దాటిన కాసేపటికే చీకటి పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం దిగే విమానం కొన్ని వందలు తక్కువైనా ఒక పగటిపూటను తినేస్తుంది. పొద్దున తొమ్మిదికల్లా దింపే టికెట్ కొంచెం ఎక్కువైనా, లెక్క చూస్తే అదే చవక.

ఆ మొదటి రోజును సెల్యులార్ జైలుకు ఉంచడం మంచిది. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు బారులు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి అండమాన్ శిక్ష అనుభవించిన తెలుగువాళ్లు. ఒక గది తలుపు గడియను దగ్గరగా చూడాలి. అది తలుపుకు ఎదురుగా కాక, పక్క గోడలో లోతుగా చెక్కిన గాడిలోకి వెళ్తుంది. ఊచల్లోంచి చెయ్యి చాపితే వేళ్ల కొసలు కూడా దానికి అందవు.

ఇక దీవుల మధ్య పడవలు. 2018 డిసెంబరులో హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ పేర్లు పెట్టారు. హావ్‌లాక్‌కు ప్రైవేటు వేగ పడవలు గంటన్నర నుంచి రెండు గంటల్లో చేరుస్తాయి. ప్రభుత్వ ఫెర్రీ ఇంకొంచెం నిదానం, కానీ చార్జీలో చాలా తేడా. సీట్లు స్థానికులకూ కావాలి కాబట్టి ముందుగా దొరకడం కష్టం. సముద్రం అల్లకల్లోలమైతే ఏ పడవా కదలదు. అందుకే విమానం టికెట్ కొనే రోజునే పడవ వేళలూ చూసుకోవాలి, తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి. హావ్‌లాక్‌లో రాధానగర్ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీల్‌లో రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అన్న పేర్లు వింటే మన పక్క ఊళ్లలా అనిపిస్తాయి. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెనను సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూడాలి, ఆటుపోట్ల సమయం ముందురోజే అడిగి పెట్టుకోవాలి.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు రోడ్డు దారి జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. వాహనాలు నిర్ణీత వేళల్లో వరుసగా, ఎక్కడా ఆగకుండా వెళ్లాలి, ఫొటోలు నిషిద్ధం. జరావాలను చూపిస్తామని ఆశపెట్టే వాహనం ఎక్కనే కూడదు. నికోబార్ దీవులకు ప్రత్యేక అనుమతి లేనిదే మామూలు పర్యాటకులు వెళ్లలేరు. ప్రణాళికలోంచి వాటిని ముందే తీసేయాలి.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఇంటర్‌నెట్ బాగుపడింది. అయినా చిన్న దీవుల్లో ఫోన్ చెల్లింపులు నిలిచిపోయే వేళలుంటాయి, నగదు ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దగ్గర స్కానర్ ముందు పిల్లల సంచుల్లోంచి పగడపు ముక్కలు బయటపడుతుంటాయి. చచ్చిన పగడమైనా తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. తీరంలో ఏరుకున్నది తీరంలోనే వదిలి రావాలి.