లిస్టులో లేని కోర్సు

"మీ హైదరాబాద్ పిల్లలంతా ఒకే లిస్టు పట్టుకొస్తారెందుకు?" అని మొన్న మా అడ్వైజర్ అడిగింది. మంచి మనిషి, నవ్వుతూనే అడిగింది. అయినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె బల్ల మీద నా ప్లాన్ ఆఫ్ స్టడీ కాగితం. పది గళ్ళు, పది కోర్సులు, 30 క్రెడిట్లు. సివిల్‌లో ఎమ్మెస్ చేయడానికి అమెరికా వచ్చిన నేను అయిదు గళ్ళలో పైథాన్, డేటా అనలిటిక్స్, మెషీన్ లెర్నింగ్ లాంటివి పెన్సిల్‌తో నింపుకెళ్ళాను. సీనియర్ల వాట్సాప్ గ్రూపులో తిరిగే లిస్టు అదే.

అవును, ఒకే లిస్టు. ఎందుకుండదు? ఒక్కో కోర్సు మాకు నాలుగు లక్షల రూపాయలు. చందానగర్‌లో మా ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకోడానికి ఓపీటీ అనే అనుమతి 12 నెలలు, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్) చదువు కాబట్టి ఇంకో 24. ఆలోగా హెచ్1బీ వీసా లాటరీ తగలాలి. మా దగ్గర సెమిస్టర్‌కి 9 క్రెడిట్లకు తగ్గితే వీసాకే ఎసరు. నా పక్కన కూర్చునే అమెరికా అబ్బాయి ఒక్క కోర్సు తీసుకుని, మిగతా రోజులు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అతనికి చెల్లుతుంది. ఒకే లిస్టు అనేముందు దాని వెనకున్న అప్పు కూడా చూడాలి కదా!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. నీకేం చదవాలనుందని నన్ను అడిగింది ఇక్కడే. బీటెక్‌లో ఎలక్టివ్ అంటే సిలబస్‌లో నాలుగు పేర్లుండేవి, మా కాలేజీ చెప్పేది ఒక్కటే. అందరం అదే రాశాం.

నాకు చదవాలనున్నది అర్బన్ హైడ్రాలజీ, అంటే ఊళ్ళో వాన నీళ్ళ చదువు. కారణం లింగంపల్లి రైల్వే అండర్ బ్రిడ్జి. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు దాని కింద మా స్కూటర్ ఆగిపోయింది. సైలెన్సర్ మునిగింది. నాన్న నన్ను సీటు మీదే కూర్చోబెట్టి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నెట్టుకొచ్చాడు. ఆయన ఎడమకాలి చెప్పు కొట్టుకుపోయింది. గట్టెక్కాక ఒంటిచెప్పుతోనే కిక్కు కొడుతూ నిలబడ్డాడు.

వరద లెక్కకి ఇక్కడ మొదట చెప్పేది రేషనల్ పద్ధతి. 1889లో రోచెస్టర్ మురుగు కాలువల లెక్కల్లోంచి కుయిక్లింగ్ అనే ఇంజినీరు అమెరికాకి అందించాడు. వాన తీవ్రతని నేల విస్తీర్ణంతో, సీ అనే అంకెతో గుణించాలి. పడ్డ వానలో ఎంత భాగం పారిపోతుందో చెప్పేది ఆ సీ. గడ్డి నేలకి 0.2, 0.3 ఉంటే, గచ్చుకీ డాంబరుకీ 0.9 దాకా వెళ్తుంది. ఇది చదువుతుంటే నా కళ్ళముందు లింగంపల్లి పక్కనున్న నల్లగండ్లే ఉంది: నా చిన్నప్పుడు బండరాళ్ళు, గడ్డి, చెరువు, ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించుకున్న ఊరు మాది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆయన ఆలోచనలోంచి వచ్చినవే. నీళ్ళ చదువు మాకు కొత్త కాదు.

నిన్న నాన్న ఫోన్ చేశాడు. "బ్రిడ్జి కింద మళ్ళ నీళ్ళు నిలిచినయ్ రా. నల్లగండ్ల ఫ్లైఓవర్ మీదికెళ్ళి తిరిగొచ్చిన."

కోర్సు సంగతి చెప్పాను.

"దానికి నౌకరీ వస్తదా?"

"ఇక్కడ ప్రతి ఊరికీ వాన నీళ్ళ ఇంజినీర్లు కావాలి నాన్నా. కాకపోతే సాఫ్ట్‌వేరంత జీతం రాదు."

కాసేపు మాట్లాడలేదు. "ఫీజు అంతేనా?"

"అంతే."

"రాసెయ్ మరి."

తొమ్మిదో గడిలో మెషీన్ లెర్నింగ్ చెరిపి అర్బన్ హైడ్రాలజీ రాశాను. లిస్టులోవి ఇంకా నాలుగున్నాయి. అవి ఉంటాయి. అడ్వైజర్ మళ్ళీ అడిగినా ఉంటాయి.