ఆరా, మూడా?

బర్మింగ్‌హామ్‌లో జ్యువెలరీ క్వార్టర్ అంటే పాతకాలం నుంచీ నగలు చేసేవాళ్ల పేట. ఇప్పటికీ కొందరు చేస్తున్నారు గానీ, ఆ ఎర్ర ఇటుకల మేడల్లో చాలావాటిలోకి ఆఫీసులు వచ్చేశాయి. నేను చూడబోయిన శిక్షణ సంస్థ అలాంటి ఒక మేడ రెండో అంతస్తులో ఉంది. వృద్ధుల హోముల్లో పనిచేసే కేర్ వర్కర్లకి వీళ్లు అప్రెంటిస్‌షిప్ నడుపుతారు. గదులు రెండే. ఒకదాంట్లో మంచం, మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ, లేవలేని మనిషిని లేపి కుర్చీలో కూర్చోబెట్టే యంత్రం. రెండో గదిలో బల్లలు. సంస్థ బతుకు తేలేది మాత్రం వరండా చివర ఉన్న కంప్యూటర్ దగ్గర. అక్కడ కూర్చునేది మా స్నేహితుడి చెల్లెలు, తెనాలి అమ్మాయి.

“రండన్నయ్యా, సరిగ్గా లెక్కలు మూసే రోజుల్లో వచ్చారు” అంది.

ఇంగ్లండ్‌లో శిక్షణ సంవత్సరం ఆగస్టు 1న మొదలై జులై 31న ముగుస్తుంది. ప్రతి విద్యార్థి వివరాలూ సంస్థలు ప్రభుత్వానికి ఏడాదికి 14 విడతలుగా పంపాలి. ఆఖరి విడత అక్టోబరులో. అది వెళ్లిపోయాక పోయినేటి లెక్కలో చెయ్యి పెట్టడానికి లేదు.

తెర మీద మనిషికో వరస. ఒక గడిలో ఒకే ఒక్క అంకె. 1 అంటే చదువుతున్నారు, 2 అంటే పూర్తి చేశారు, 3 అంటే మానేశారు, 6 అంటే ఒప్పుకున్న విరామంలో ఉన్నారు. “1కీ 2కీ నేనక్కర్లేదు. నా జీతమంతా ఈ ఆరుకీ మూడుకీ మధ్యనే” అని నవ్వింది.

విరామం అంటే నాలుగు రోజుల సెలవు కాదు. జబ్బు, కాన్పు, ఇంట్లో మంచాన పడ్డవాళ్లు, ఇలాంటి కారణాలతో నాలుగు వారాలు దాటి చదువు ఆగితే దాన్ని విరామంగా రాయాలి. విద్యార్థీ, యజమానీ, శిక్షణ సంస్థా ముగ్గురూ ఒప్పుకోవాలి. అప్పుడు గడియారం ఆగుతుంది. తిరిగి వచ్చాక ముగింపు తేదీ ముందుకు జరుగుతుంది. బ్రిటన్‌లో ప్రసూతి సెలవు 52 వారాల దాకా ఉండొచ్చు. కేర్ పనిలో ఉండేది ఎక్కువగా ఆడవాళ్లే. ఏడాది పైచిలుకు చదువుకి మధ్యలో ఏడాది విరామం వస్తే అది ఎవరి తప్పూ కాదు.

ఇక్కడే శాతం సంగతి వస్తుంది. ఆమె చిత్తు కాగితం తీసి వేసి చూపించింది. ఈ ఏడాది ముగించాల్సినవాళ్లు 40 మంది అనుకుందాం. 22 మంది పూర్తి చేశారు. మిగిలిన 18 మందిలో ఐదుగురి గడిలో 6 ఉంది. ఆరు ఉన్నవాళ్లు ప్రస్తుతానికి లెక్కలోకి రారు. అంటే 35కి 22, దాదాపు 63 శాతం. ఆ ఐదుగురికీ 3 వేస్తే 40కి 22, అంటే 55. ప్రభుత్వం గీసుకున్న గీతలు 50 దగ్గరా 60 దగ్గరా ఉన్నాయి. యాభై లోపు పడ్డ సంస్థ మీద కన్ను పడుతుంది, ఆ పైన అరవై లోపు ఉంటే మెరుగుపడమంటారు. దేశం మొత్తం మీద అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లు 2023-24లో 60.5 శాతం, 2025 నాటికి 67 కావాలని 2022లో మంత్రి లక్ష్యం పెట్టారు. అంత సన్నని జాగాలో నిలబడ్డ సంస్థకి ఐదు ఆర్లు అంటే మాటలా!

“అయితే అందరికీ ఆరే వేసేయొచ్చుగా?” అన్నాను.

“వేస్తే వచ్చే ఏడాది మెడకి చుట్టుకుంటుంది. తిరిగి రాకపోతే ఎప్పటికో అప్పటికి మానేసినవాళ్ల కిందే రాస్తారు. ఏడాది దాటి విరామంలో ఉన్నవాళ్లెంతమందో విడిగా కూడా చూస్తారు. ఆడిటర్ వస్తే సంతకాలు అడుగుతాడు, కారణం అడుగుతాడు.”

అంటే విరామం శాతాన్ని దాచదు, వాయిదా వేస్తుంది. నాకు ఆ నియమం న్యాయంగానే తోచింది. మన ఐటీఐల్లో హాజరు 80 శాతం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. తండ్రికి పక్షవాతం వచ్చి ఆర్నెల్లు ఊళ్లో ఉండిపోయిన కుర్రాడూ, బద్ధకంతో ఎగ్గొట్టినవాడూ ఒకే గాటన పోతారు. ఇక్కడ కనీసం రాసుకోవడానికి ఒక గడి ఉంది.

కానీ ట్యూటర్‌తో మాట్లాడాక నా సంతోషం కొంత తగ్గింది. యాభై దాటిన ఇంగ్లిషావిడ, పాతికేళ్లు హోముల్లో చేసి నేర్పడానికి వచ్చింది. ఆవిడ దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. విరామంలో ఉన్నవాళ్ల పేర్లు, ఎదురుగా ఫోన్ చేసిన తేదీలు. కొన్నిచోట్ల పాప పేరు, ఒకచోట “అమ్మ ఆపరేషన్ గురువారం” అని. ఏలూరు దగ్గర నుంచి వచ్చిన ఒకావిడ వివరం కూడా ఉంది. మామగారికి స్ట్రోక్ వస్తే ఇండియా వెళ్లి నాలుగు నెలలకి వచ్చింది. వచ్చేసరికి హోములో రాత్రి షిఫ్టులు వేశారు. పగలు తరగతికి రాలేదు. ట్యూటరే షిఫ్టు దిగే వేళకి హోముకి వెళ్లి, అక్కడి టీ గదిలో పాఠం చెప్పి పూర్తి చేయించింది. ఆ వరసలో ఇప్పుడు 2 ఉంది.

ఈ ఫోన్లకీ, ఈ ప్రయాణాలకీ డబ్బెవరిస్తారు? అప్రెంటిస్‌షిప్ ఫీజులో 80 శాతం నెలవారీగా వస్తుంది, 20 శాతం పూర్తయ్యాక. విరామం మొదలవగానే నెలవారీ ఆగిపోతుంది. మనిషి తిరిగి వస్తుందా రాదా అన్నది తేలే కాలానికే సంస్థకి పెన్నీ రాదు. పెద్ద సంస్థ ఎలాగో తట్టుకుంటుంది. చిన్నది ఫోన్లు తగ్గిస్తుంది. అలా మానేసినవాళ్లు శాతంలో కనబడేసరికి ఏడాది గడిచిపోతుంది, అప్పుడు మళ్లీ నాణ్యత గురించి మీటింగు. విరామపు నెలలకి ఎంతో కొంత విదిల్చినా ఈ శాతం దానంతటదే పెరుగుతుందని నా నమ్మకం. లక్ష్యాలు ప్రకటించడం కన్నా చవకే అవుతుంది.

మధ్యాహ్నం ఇద్దరూ ఒక వరస దగ్గర ఆగారు. మనస్సు బాగాలేక విరామం తీసుకున్న ఒక అమ్మాయి. తిరిగి రావాల్సిన తేదీ ఎప్పుడో దాటింది. హోములో ఉద్యోగం కూడా వదిలేసింది. ఉద్యోగం లేకపోతే అప్రెంటిస్‌షిప్పూ లేదు. నోటుబుక్కులో ఆమె పేరు ఎదురుగా తేదీలు చాలానే ఉన్నాయి, చివరి మూడింటి పక్కన “ఎత్తలేదు” అని. ట్యూటర్ తల ఊపింది. మా తెనాలి అమ్మాయి ఆరు చెరిపి మూడు కొట్టింది.

“రేపు ఇంకో హోములో చేరి మళ్లీ వస్తానంటే?”

“కొత్తగా చేర్చుకుంటామన్నయ్యా. నేర్చుకున్నంత వరకూ తీసేసి మిగతాదానికే ఫీజు లెక్క కడతాం. ఈ మూడు మాత్రం ఇక్కడే ఉంటుంది” అని తరవాతి వరసకి వెళ్లింది.