పసుపు గోడ మౌనం

జర్మనీ చూడబోయేవారు బెర్లిన్, మ్యూనిక్ నగరాలు చూచి వస్తారు గాని, డార్ట్‌మండ్‌లో దిగేవారు తక్కువ. కొలోన్‌లో రైలెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. ఒకప్పుడు బొగ్గు, ఉక్కు, బీరు - యీ మూడింటిమీద బ్రతికిన ఊరిది. గనులు మూతబడ్డాయి. ఫీనిక్స్ ఉక్కు కర్మాగారం 2001లో ఆగిపోగా యంత్రాలను విప్పి చైనాకు తరలించారు. కొలిమి మండినచోట యిప్పుడు చెరువు, దాని గట్టున కొత్త మేడలూ వున్నాయి. ఊరందరూ 'మాది' అని చెప్పుకొనేది మాత్రం యింకా చెక్కుచెదరలేదు. అది 1909లో పుట్టిన బొరుస్సియా ఫుట్‌బాల్ జట్టు.

ఆట లేని రోజున మేము వారి మైదానం చూడబోయాము. 1974 ప్రపంచకప్పు పోటీలకోసం కట్టిన యీ మైదానంలో 81 వేలమందికి పైగా పడతారు. దక్షిణపు మెట్లే దీని విశేషం. అక్కడ సుమారు 25 వేలమంది నిలుచునే ఆట చూస్తారు. నిలుచుని చూచే టికెట్టు చవక గనుక కూలివాడూ, చదువుకొనే కుర్రవాడూ రాగలుగుతారు. అందరూ జట్టు రంగు తొడుక్కొని నిలబడితే ఎదుటివారికి పసుపు గోడలా కనిపిస్తుందట. ఆ పేరే స్థిరపడింది. ఆ పాటా, ఆ కేకా వినడానికే దూరదేశాలనుండి జనం వస్తారు.

అయితే యీ కేకలు వేసేవారికి జీతం లేదు. వారు నోరు మూసుకొంటే ఏమవుతుందో 2012లో జర్మనీ అంతా విన్నది. లీగును నడిపే సంస్థ భద్రత పేరిట కొత్త నిబంధనలు తలపెట్టింది. డిసెంబరు 12న వోటింగు. దానికి ముందు జరిగిన ఆటలలో ఊరూరా అభిమానులు మొదటి 12 నిమిషాల 12 సెకన్లు మౌనం పాటించారు. బంతిని తన్నిన చప్పుడు పై మెట్లదాకా వినిపించిందట! అయినా నిబంధనలు నెగ్గాయి.

తరువాత సోమవారం రాత్రి ఆటలు వచ్చాయి. టెలివిజన్‌కు అది లాభమే. మరునాడు పనికి పోవలసినవాడు దూరపు ఊరికి వెళ్ళి చూచేదెట్లా? 2018 ఫిబ్రవరి 26న ఆగ్స్‌బర్గ్‌తో ఆటకు డార్ట్‌మండ్ అభిమానులు వేలాదిగా రాకుండా మానుకొన్నారు. పసుపు గోడ బోసిపోయింది. ఆ సంవత్సరాంతానికే ఆ ఏర్పాటును ఎత్తివేయనున్నట్లు సంస్థ ప్రకటించింది.

2023 డిసెంబరులో మరొక తగవు వచ్చింది. ప్రసార హక్కుల రాబడిలో 8 శాతం వరకు 20 ఏండ్లపాటు పెట్టుబడిదారునికిచ్చి, సుమారు 100 కోట్ల యూరోలు తెచ్చుకోవాలని సంకల్పం. 36 క్లబ్బులలో 24 ఒప్పుకొన్నాయి. సరిగ్గా అన్నే కావాలి. ఇంగ్లండు జట్లతో పోటీపడాలంటే ధనం కావాలన్న సంస్థ వాదన కొట్టివేయదగింది కాదు. కాని అభిమానులు మళ్ళీ మౌనం పట్టారు. టెన్నిస్ బంతులూ, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ నాణేలూ పచ్చికమీదికి విసిరారు. ఆటలు ఆగి ఆగి నడిచాయి. టికెట్టు కొన్న సాటివారిలోనూ విసిగినవారున్నారు. చివరకు 2024 ఫిబ్రవరి 21న సంస్థ ఆ ప్రయత్నం విరమించుకొన్నది.

ఇంత పట్టుదల వారికెక్కడిది? అక్కడి క్లబ్బులు మొదట మన సంఘాలవంటివే: చందా కట్టిన ప్రతి సభ్యునికీ ఒక వోటు. 1998లో కంపెనీలను లోపలికి రానిచ్చినా, కొద్ది మినహాయింపులు తప్ప, సగానికిపైగా వోట్లు సభ్యుల సంఘానికే వుండాలని కట్టడి చేశారు. బొరుస్సియా 2000లో వాటాలు బజారులో అమ్మినా పగ్గాలు మాత్రం సభ్యుల చేతిలోనే వుంచుకొన్నది.

పరాయి ఊళ్ళలో తరతరాలుగా చందాలతో, వోట్లతో సంఘాలు నిలుపుకొంటున్న మనకు యీ సంగతి తేలికగా బోధపడుతుంది. కట్టడం డబ్బుతో లేస్తుంది. అందులోని సందడి మాత్రం మనుషులు తెచ్చేది. దానిని అమ్మజూచేవారు ముందుగా వారి నడగడం మర్యాద.