ఇసుకకు తోడు

పిల్లలూ! పెరుగు ఎట్లా తోడుకుంటుందో మీకు తెలుసు గదా. గోరువెచ్చని పాలలో అమ్మ ఒక చెంచాడు పాత పెరుగు వేస్తుంది. తెల్లవారేసరికి పాలన్నీ పెరుగవుతాయి. ఇసుకకు కూడా అట్లాగే తోడు వెయ్యాలంటే మీరు నవ్వుతారు. మా మనుమడూ మొదట నవ్వాడు.

మేముండేది పెద్ద అంబర్‌పేట్‌లో. మా ఊరి మీదుగా పోయే పెద్ద రోడ్డు పూణెలో బయలుదేరి, హైదరాబాదు, విజయవాడ దాటి, మచిలీపట్నం దగ్గర సముద్రాన్ని చేరుతుంది. ఇక్కడి నించి ఆ సముద్రం 300 కిలోమీటర్లకు పైమాటే. అయినా మా ఇంట్లో ఒక మూల చిన్న సముద్రం ఉన్నది. అది 3 అడుగుల పొడుగూ, ఒకటిన్నర అడుగు వెడల్పూ గల గాజుతొట్టి. వడకట్టిన మంచినీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి దాన్ని నింపుతాము. ఇది వంట ఉప్పు కాదు. సముద్రంలో ఉండే లవణాలన్నీ చేర్చి తయారుచేసిన పొడి.

ఆ తొట్టిలో తెల్లపట్టీల నారింజరంగు క్లౌన్ చేపలు రెండూ, పసుపుపచ్చని రాస్ చేప ఒకటీ ఉన్నాయి. ఈ పచ్చచేపకు ఒక వింత అలవాటు. చీకటి పడగానే ఇసుకలోకి దూరి, తెల్లవారేదాకా అందులోనే నిద్రపోతుంది.

తొట్టి పెట్టి మూడేళ్ళయింది. గొట్టంతో అడుగు శుభ్రం చేసినప్పుడల్లా కాస్త ఇసుక నీళ్ళతోపాటు పోతూ వచ్చింది. చివరకు అంగుళం మందం మాత్రమే మిగిలింది. చేప పడుకుంటే తోక బయటికి కనిపిస్తున్నది.

"తాతా, దానికి దుప్పటి చాలటం లేదు. పక్కవీధిలో ఇల్లు కడుతున్నారు, ఒక బక్కెట్టు ఇసుక తేనా?" అన్నాడు మనుమడు.

"ముందు పరీక్ష చేసి చూడు," అన్నాను.

వాడు ఒక సాసరులో ఇల్లు కట్టే ఇసుకా, ఇంకొక దానిలో చేపల దుకాణం నించి తెచ్చిన తెల్లని ఇసుకా చిటికెడేసి పోసి, రెండింటి మీదా వెనిగర్ చుక్కలు వేశాడు. మొదటిది కదలలేదు. రెండవది చుయ్‌మని పొంగింది. మొదటిది చాలావరకు పలుగురాతి పొడి. రెండవది పగడాలూ, గుల్లలూ అరిగి ఏర్పడిన సున్నపు ఇసుక. పులుపు తగలగానే అందులో నించి బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వస్తుంది. తొట్టినీరు పులుపెక్కితే ఈ ఇసుక కొంచెం కొంచెంగా కరిగి ఆ పులుపును విరుస్తుంది. మన కోస్తా ఒడ్డున ఉన్నది కూడా ఎక్కువగా నదులు మోసుకువచ్చిన పలుగురాతి పొడే. భీమునిపట్నం వైపున అందులో ఇల్మనైట్ అనే నల్లని ఖనిజం కూడా కలిసి ఉంటుంది. లక్షదీవుల ఒడ్డున ఉన్నది మాత్రం పగడాల ఇసుక.

మరొక అంగుళం మందం రావాలంటే మా తొట్టికి 16 కిలోలు కావాలని లెక్క తేలింది. ఇసుక రాగానే మనుమడు, "ఇవాళే పోసేద్దాం," అన్నాడు.

"తొట్టిలో ప్రాణులెన్ని?" అని అడిగాను.

"మూడు."

"కాదు, కోట్లు," అన్నాను.

చేపల మలమూ, అవి తినగా మిగిలిన మేతా నీటిలో అమ్మోనియాగా మారుతాయి. అది చేపలకు విషం. ఇసుకరేణువుల మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు నివసిస్తాయి. వాటిలో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరొక రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దానివల్ల హాని తక్కువ. నీళ్ళు మార్చినప్పుడు అది బయటికి పోతుంది. పొలంలో వేసిన ఎరువును పైరుకు అందేటట్టు మార్చేవీ ఇట్టి జీవులే. రష్యా శాస్త్రజ్ఞుడు వినొగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వీటిని వేరుచేసి చూపాడు.

వీటికి ప్రాణవాయువు కావాలి. ఒక్కసారిగా కొత్త ఇసుక మీద పడితే ఊపిరాడక చస్తాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో సంచులకు సంచులు ఒకేపూట పోశారు. మర్నాటికి నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలాగా అయినాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. మూడవనాటికి రెండు చచ్చిపోయినాయి.

ఇది విన్నాక మనుమడు తొందరపెట్టలేదు. తొట్టి అడుగును నాలుగు భాగాలుగా అనుకుని, ఆదివారానికి ఒక భాగం చొప్పున వెయ్యాలని నిర్ణయించాము. మొదట 4 కిలోల ఇసుకను నీరు తేటగా వచ్చేదాకా కడిగాము. చివరిసారి ఉప్పునీటితో కడిగాము. మోటారు ఆపి, వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టాన్ని అడుగుదాకా దించి, అందులోంచి ఇసుకను మెల్లగా జారవిడిచాము. అట్లా చేస్తే నీళ్ళు బురద కావు. పాత ఇసుకను లోతుగా కెలకలేదు. కెలికితే అడుగున ఉన్న కుళ్ళు పైకి లేస్తుంది. పైపైన ఒక కప్పు పాత ఇసుక ముందే తీసి ఉంచుకున్నాము. దాన్ని కొత్త ఇసుక మీద చల్లాము. ఇదే పిల్లలూ, నేను చెప్పిన తోడు!

రెండురోజులకొకసారి మనుమడు తొట్టినీటిలో పరీక్షమందు చుక్కలు వేసి చూసేవాడు. పసుపురంగు వస్తే క్షేమం. ఆకుపచ్చ అయితే అమ్మోనియా ఉన్నదన్నమాట. రెండు ఆదివారాలు సాఫీగా జరిగిపోయినాయి. మూడవ ఆదివారం ఉదయం రంగు లేత ఆకుపచ్చగా తిరిగింది. ఇసుక కడిగి సిద్ధంగా ఉన్నది. వాడు నావైపు చూశాడు. నేను ఏమీ చెప్పలేదు.

"ఈ వారం వద్దు తాతా. లోపలివాళ్ళకు ఇంకా చెయ్యి తిరగలేదు," అని బక్కెట్టు మూతపెట్టాడు. ఆ రోజు కొంత నీరు మాత్రం మార్చి, చేపలకు మేత తగ్గించాము. నాలుగురోజులలో రంగు మళ్ళీ పసుపుకు వచ్చింది.

నాలుగు వారాల పని అయిదు వారాలు పట్టింది. మూడు చేపలూ క్షేమంగా ఉన్నాయి. ఆఖరు భాగం వేసిన రాత్రి మనుమడు దీపం ఆర్పి, అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. పచ్చచేప కొత్త ఇసుకలోకి దూరింది. ఈసారి తోక కనపడలేదు.