వ్రాశానా? వ్రాస్తున్నానా?

తెలుగు మేష్టరుకు ఇంగ్లీషు వ్యాకరణంతో పనేమిటని మీరడగవచ్చు. మొన్న ప్రమోషను దరఖాస్తు నింపేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

చేసిన కృషి ఇంగ్లీషులో వ్రాయమన్నారు. "ఐ హావ్ రిటెన్ ఎ బుక్ ఆన్ తెలుగు ప్రోవర్బ్స్" అని దర్జాగా వ్రాసి, తప్పులేమైనా ఉంటే చూడమని మా అమ్మాయి చేతికిచ్చాను.

"వ్యాకరణం బాగానే ఉంది నాన్నా, నిజమే లేదు" అన్నది.

ఉలిక్కిపడ్డాను.

"హావ్ రిటెన్ అంటే పుస్తకం పూర్తయిందని. నువ్వు 9 ఏళ్ళుగా వ్రాస్తూనే ఉన్నావు గదా! హావ్ బీన్ రైటింగ్ అనాలి."

"ఐ యామ్ టీచింగ్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్" అన్నదీ కొట్టేసింది. "20 ఏళ్ళుగా చెబుతున్నాను" అనే మన వాక్యానికే కోటు తొడిగానన్నమాట! మనకు "గా" ఒక్కటీ చాలు. ఇంగ్లీషులో అప్పటినుంచి ఇప్పటిదాకా సాగే పనికి హావ్ బీన్ కావాలి. ఎంత కాలమో చెప్పడానికి సిన్స్ కాదు, ఫర్ కావాలి.

ఇంతలో వాకిట్లో నుంచి మా ఆవిడ వచ్చింది. చేతినిండా ముగ్గుపిండి. నాకు చప్పున వెలిగింది. చేతి పిండి చూసి అనవలసింది కంటిన్యువస్. వాకిట ముగ్గు చూసి అనవలసింది సింపుల్. ఒకటి పనిని చూపిస్తుంది, ఒకటి ఫలితాన్ని.

"అయితే ఐ హావ్ బీన్ నోయింగ్ హిమ్ అనవచ్చా?" అన్నాను గడుసుగా.

"కూడదు. ఆయన నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుస్తున్నారు అంటావా నువ్వు?"

నిజమే! మనమూ "తెలుసు" అనే అంటాం. ఈ ఒక్కచోట రెండు భాషలూ వియ్యమందాయి.

మా ఆవిడ సంగతంతా విని, "ఒక్క మాటేగా, ఉండనివ్వండి. పూర్తికాని పుస్తకానికి ప్రమోషనెవరిస్తారు?" అన్నది. అదీ నిజమే. కాని కాపీ కొట్టిన పిల్లల్ని రోజూ మందలించే నోరు నాది. అమ్మాయి ఏమీ అనకుండా నా కలంకేసి చూస్తున్నది.

చివరికి ఇలా దిద్దాను: "ఐ హావ్ బీన్ రైటింగ్ ఎ బుక్ ఫర్ నైన్ ఇయర్స్. ఐ హావ్ రిటెన్ సిక్స్ చాప్టర్స్." ఎంత కాలంగా అంటే కంటిన్యువస్, ఎన్ని అంటే సింపుల్.

దరఖాస్తు వెళ్ళిపోయింది. కాని మీ దగ్గర దాచడమెందుకు? ఆ వ్రాతప్రతి కట్ట విప్పి 8 నెలలైంది. హావ్ బీన్ కూడా అబద్ధం కాకూడదని, ఆ రాత్రే దుమ్ము దులిపి ఏడో అధ్యాయం మొదలుపెట్టాను.