తాపీ ఒడ్డున తాపీగా

జులై మాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకు సూరత్ నగరం నిద్ర లేవదు. అసలు నిద్రపోతే గదా లేవడానికి! ఉధ్నా, పాండేసరా ప్రాంతాల్లో మరమగ్గాలు రాత్రంతా మోగుతూనే ఉంటాయి. ఆ వేళకే నగరం మరో అంచున, సముద్రం వైపు సాగే డుమస్ రహదారి మీద, బూట్ల తాళ్లు బిగించుకొని కొందరు పరుగుకు బయలుదేరుతారు. వారి మనస్సులో ఒకే అంకె: నాలుగు గంటలు.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఆ దూరమే 1921లో ప్రామాణికమయింది. నాలుగు గంటల్లో దానిని ముగించాలంటే ప్రతి కిలోమీటరూ 5 నిమిషాల 41 సెకన్లలో దాటాలి. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాల్లోనే పరుగు ముగించాడు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ భారత రికార్డును ఎవరూ చెరపలేకపోయారు. సామాన్యునికి నాలుగు గంటలే గౌరీశంకర శిఖరం.

న్యూయార్క్ మారథాన్ నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. అటువంటి శరత్కాలపు పందేనికి సాధారణంగా పదహారు వారాల శిక్షణ కావాలి. వెనక్కి లెక్కిస్తే ఆరంభం జులై నడిమికి వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. చల్లని దేశాల వేసవిని దృష్టిలో ఉంచుకొని వ్రాసిన శిక్షణ పట్టికకు సూరత్ వర్షాకాలం ఎలా తెలుస్తుంది? గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట కారుతుందే గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. గుండె వేగం పెరుగుతుంది, గడియారం వెనుకబడుతుంది. ఆ దశలో పట్టుదలతో 5 నిమిషాల 41 సెకన్లను వెంటాడినవాడు వడదెబ్బను కోరి తెచ్చుకున్నట్లే.

నదిని మనం తపతి అంటాం. సూరత్ వాసులు తాపీ అంటారు. తెలుగువాడికి ఆ పేరులోనే సలహా దొరుకుతుంది. తొలి నాలుగు వారాలు తోడివారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తడమే సరైన మార్గం. వేడిలో పది పద్నాలుగు రోజుల సాధనతో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగా పట్టసాగుతుంది. ఇప్పుడు మందకొడిగా కనిపించే ఈ కిలోమీటర్లు నవంబరు చలిగాలిలో ఫలితమిస్తాయి.

లింబాయత్ ప్రాంతంలో, దశాబ్దాల క్రితమే తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడినవాడు పరుగు మొదలుపెడితే అతనికి కావలసిన మొదటి శిక్షణ నిద్ర. ఏ పట్టికా ఆ మాట గట్టిగా చెప్పదు.

వర్షం మరో పరీక్ష. నది పొంగితే రాందేర్ వైపు వెళ్లే కాజ్‌వే మూతపడుతుంది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదిలిన నీరు నగరంలో అధికభాగాన్ని ముంచెత్తింది. నిలిచిన నీటిలో పరుగెత్తడం సాహసం కాదు, అవివేకం. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ దక్షిణ గుజరాత్‌లో వర్షాకాలపు జాడ్యం. పాదం మీది చిన్న పుండు చాలు దానికి. 1994 ప్లేగు తరువాత, 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రపరచి, ఆక్రమణలు తొలగించి వీధులను వెడల్పు చేయించారు. నేటి పరుగు ఆ వీధుల మీదనే.

నగరం తన సొంత పరుగుకు మాత్రం తెలివిగా చల్లని వేళనే ఎంచుకుంది. 2018 ఫిబ్రవరి 25న ప్రధాని నరేంద్ర మోదీ జెండా ఊపి ప్రారంభించిన పరుగు రాత్రిపూట జరిగింది.

అసలు లక్ష్యాన్ని తేల్చుకోవలసింది సెప్టెంబరు చివర. సగం దూరాన్ని తెల్లవారుజామున సుమారు గంటా 53 నిమిషాల్లో ముగించగలిగితే నాలుగు గంటల ఆశకు ఆధారం ఉన్నట్లు. ఆ ఉక్కలో రెండు మూడు నిమిషాలు ఎక్కువయినా దిగులు పడనక్కరలేదు. పది నిమిషాలు మించితే అంకెనే మార్చుకోవాలి.

ఇక పరుగు తగ్గించి కాళ్లకు విశ్రాంతి ఇవ్వవలసిన రోజులకు కాస్త ముందే నవరాత్రులు వస్తాయి. తొమ్మిది రాత్రులు గర్బా నృత్యం. తెలుగువారి వాడల్లో బతుకమ్మ. చప్పట్లు మోగుతుంటే కాళ్లు ఊరుకుంటాయా? శరత్ పూర్ణిమ మరునాడు చాందీ పడవో. ఆ రాత్రి కుటుంబాలు కుటుంబాలుగా కాలిబాటల మీద చాపలు పరచుకొని, నేతిలో ముంచి తీసిన ఘారీ అనే మిఠాయిని కారపు భూసుతో కలిపి ఆరగిస్తాయి. పందేనికి ముందు పిండిపదార్థాలు మేలు చేస్తాయని శాస్త్రం చెబుతుంది; ఇంత నెయ్యి సంగతి అది చెప్పదు. అయినా ఒక్క ముక్కయినా తినిపించకుండా ఇంటికి పోనిచ్చే మిత్రులు సూరత్‌లో అరుదు.